చల్లగా ఉండమని దీవించేవాళ్ళం

నాకు చలికాలం ఇష్టం. కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కోవాలనిపించిన రోజు మొదలు, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయేదాకా, ఏడాది మొత్తంలో నేను మనిషిలా ఉండేది ఆ నాలుగు నెలలే. మా ఆడపడుచుకి ఎండాకాలం ఇష్టం. మామిడిపళ్ళు, మల్లెపూలు, పిల్లల సెలవులు, డాబా మీద పక్కలు, ఇవన్నీ ఎండ పుణ్యమే కదా వదినా అంటుంది. కాదనను. కానీ అదే ఎండలో ఆవకాయకి కారం కలిపేది, వడియాల పిండి ఉడికించేది, సెలవులకొచ్చిన పదిమందికి మధ్యాహ్నం పన్నెండింటికి పొయ్యి ముందు నిలబడి వండేది ఎవరు? ఆ లెక్క కూడా వేసుకుంటే ఆవిడ కూడా నా వైపుకి వచ్చేస్తుందని నా నమ్మకం.

ఒక్కసారి మన మాటల్నే చూడండి. పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడితే "చల్లగా ఉండమ్మా" అంటారు. మేలు చేసినవాళ్ళతో "నీ కడుపు చల్లగా" అంటాం. మంచివార్త చల్లని కబురు. అమ్మవారు చల్లని తల్లి. కోపమొస్తే కడుపు మండుతుంది, అసూయకి కళ్ళు మండుతాయి, దుఃఖానికి గుండె మండుతుంది. ఇంగ్లీషువాళ్ళకి ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. వాళ్ళ భాషలో ప్రేమ ఉన్న మనిషి వెచ్చగా ఉంటాడు, ప్రేమలేనివాడు చల్లగా ఉంటాడు. మంచుదేశంలో నిప్పు దగ్గర చోటివ్వడం ప్రేమ. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే దేశంలో నీడలో చోటివ్వడం ప్రేమ. అందుకే దారిన పోయేవాళ్ళకి నీళ్ళిచ్చే పందిరికి చలివేంద్రం అని పేరు పెట్టుకున్నాం.

మరి ఇంత ఇష్టమైన చల్లదనాన్ని మనకి ముందువాళ్ళు ఎలా సంపాదించుకున్నారు, ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అని కొన్నాళ్ళుగా పుస్తకాలు తిరగేస్తున్నాను. రాజుల యుద్ధాలు స్కూల్లో చదువుకున్నాం గానీ, ఆ రాజులు మే నెలలో ఏం చేసేవారో మనకెవరూ చెప్పలేదు. అందులో నాకు దొరికినవి ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ముందు మన తెలుగువాళ్ళ దగ్గర మొదలుపెడదాం. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దంలో రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇల్లు ఉంటుంది కదా, గోదాదేవి తండ్రి. ఆ ఇంటికి ఏ కాలంలో అతిథులొచ్చినా భోజనం ఉంటుంది. అయితే కాలాన్ని బట్టి వంట మారుతుంది. ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు. చలికాలంలో కొత్తబియ్యం అన్నం, మిరియాల పొడి వేసిన వేడివేడి కూరలు, ఆవఘాటు, కాచిన పాలు. ఐదువందల ఏళ్ళ కిందటి ఈ పట్టికని ఇవాళ మన వంటింట్లో పెట్టినా పెద్దగా మార్చక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం వానాకాలం పద్యం. ముసురుపట్టి కట్టెలన్నీ తడిసిపోయిన రోజుల్లో, భార్య కళ్ళలోకి పొగ పోకూడదని ఆ ఇంట్లో ఎండు కొబ్బరిబొండాల చిప్పలు రాజేసి వంట చేయిస్తారు. ఒక చక్రవర్తి, యుద్ధాల మధ్య కావ్యం రాస్తూ, పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలి కళ్ళ గురించి ఆలోచించాడు! నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే వేసవి పద్యం మళ్ళీ చదివాను. అంబలి పలుచగా ఉంది, చారు తియ్యగా ఉంది, తినేవాళ్ళ ప్రాణం హాయిగా ఉంది. పొగ గురించి తలుచుకున్నంత మాట, ఆ అంబలి కాచిన పొయ్యి వేడి గురించి మాత్రం లేదు. పొగ పక్కవాళ్ళ కళ్ళలోకీ పోతుంది కాబట్టి కనిపిస్తుంది. పొయ్యి సెగ ఎదురుగా నిలబడ్డ మనిషికి తప్ప ఇంకెవరికీ తగలదు.

రాయలవారి కాలంలోనే ఉత్తరాన ఇంకో రాజు ఎండకి తల్లడిల్లిపోతున్నాడు. ఆయన బాబరు. 1526 ఏప్రిల్‌లో పానిపట్టులో గెలిచి ఆగ్రాకి వచ్చేసరికి ఎండలు ముదిరిపోయాయి. ఆ ఏడు వడగాడ్పులకి మనుషులు పిట్టల్లా రాలిపోయారని తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఇంత దేశం గెలిచాక సేనానులు "మాకొద్దు, కాబూలు వెళ్ళిపోతాం" అని కూర్చున్నారు. ఆయనకి ఎంతో దగ్గరివాడైన ఖ్వాజా కలాన్ నిజంగానే వెళ్ళిపోయాడు. ఈ దేశంలో లేనివాటి చిట్టా ఒకటి రాశాడు బాబరు. మంచి ద్రాక్ష లేదు, ఖర్బూజా లేదు, ఐసు లేదు, చల్లటి నీళ్ళు లేవు అని. వేడి, గాలి, దుమ్ము, ఈ మూడింటి నుంచి తప్పించుకోవడానికి ఆగ్రాలో స్నానపుగదులు, నీళ్ళు పారే తోటలు కట్టించుకున్నాడు. కొన్నేళ్ళ తర్వాత కాబూలు నుంచి ఒక ఖర్బూజా వస్తే, కోసి తింటూ కన్నీళ్ళు పెట్టుకున్నాడట. పుట్టింటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీసినప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఏమవుతుందో అదే.

బాబరు కూతురు గుల్‌బదన్ బేగం కూడా ఒక పుస్తకం రాసింది. ఆడవాళ్ళు రాసిన చరిత్ర ఎంత వేరుగా ఉంటుందో చూడండి. అందులో యుద్ధాల మధ్య ఇంటి కబుర్లు ఉంటాయి. బాబరు ప్రతి శుక్రవారం తన మేనత్తల్ని చూడ్డానికి వెళ్ళేవాడట. ఒక శుక్రవారం ఎండ మండిపోతుంటే భార్య మాహం బేగం, "ఇవాళ్టికి మానెయ్యండి, వాళ్ళేమీ అనుకోరులే" అంది. ఆయన ఆశ్చర్యపోయి, తండ్రులూ అన్నదమ్ములూ లేని ఆ ఆడవాళ్ళని నేను పలకరించకపోతే ఇంకెవరు పలకరిస్తారు అన్నాడు. ఎండకి దేశాన్నే తిట్టుకున్న మనిషి, మేనత్తల కోసం ఆ ఎండలోనే బయల్దేరేవాడు. ఈ ఒక్క కబురు కోసమైనా ఆ తల్లి పుస్తకం రాసి మంచిపని చేసింది.

బాబరు మనవడు అక్బరు నాటికి చల్లదనం ఒక శాఖ అయింది. రాజుగారి మంచినీళ్ళు చూసుకోవడానికే ఒక విభాగం ఉండేది. తుపాకి మందులో వాడే సురేకారాన్ని నీళ్ళలో కలిపి, అందులో మంచినీళ్ళ సీసాని గుండ్రంగా తిప్పుతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి. కొంపలు తగలబెట్టే మందే గొంతు చల్లార్చింది. 1580ల్లో కొలువు లాహోరుకి మారాక హిమాలయాల మంచు మోయించుకుని తెప్పించుకునేవారు. ఇవన్నీ అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాసిపెట్టాడు. వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లే పద్ధతి కూడా పాదుషావారే కనిపెట్టారని ఆయన రాశాడు. వేసవిలో కుండలో వట్టివేళ్ళు వేసుకునే మన అమ్మమ్మలు ఈ మాట వింటే ఏమనేవారో! అక్బరు కొడుకు జహంగీరు అయితే నీళ్ళు చల్లబరుచుకోవడంతో సరిపెట్టుకోలేదు, నూర్జహాన్‌ని వెంటపెట్టుకుని తానే చల్లని కాశ్మీరానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. 1627లో చనిపోయింది కూడా కాశ్మీరు నుంచి తిరిగివస్తూ దారిలోనే.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. తడక మీద చల్లిన నీళ్ళు ఆరుతూ ఆరుతూ గాలిలోని వేడిని పట్టుకుపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే, మనకి చెమట పట్టేదీ ఇందుకే. గాలి పొడిగా ఉంటేనే ఈ కిటుకు బాగా పనిచేస్తుంది. ఢిల్లీలో, హైదరాబాదులో, అనంతపురంలో కూలరు పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. అదే కూలరు బందరులోనో కాకినాడలోనో పెడితే, అసలే ఉన్న ఉక్కపోతకి ఇంకాస్త తేమ తోడై గది ఇడ్లీపాత్రలా అవుతుంది. అందుకే సముద్రపు ఒడ్డువాళ్ళకి తడకల కంటే గాలే దిక్కు.

ఆ గాలి కోసమే పంకా. ఇంగ్లీషువాళ్ళ బంగళాల్లో కప్పు నుంచి వేలాడే పెద్ద గుడ్డ చట్రం, దానికో తాడు, ఆ తాడు గోడకున్న కన్నంలోంచి వరండాలోకి వెళుతుంది. వరండాలో ఒక మనిషి కూర్చుని రాత్రంతా ఆ తాడు లాగుతూ ఉండాలి. లోపల దొరవారు నిద్రపోవాలంటే బయట ఇతను నిద్రపోకూడదు. పడుకుని కాలి బొటనవేలికి తాడు కట్టుకుని లాగేవాళ్ళు కూడా ఉండేవారు. కునుకు పట్టి పంకా ఆగితే దొరవారికి మెలకువ వస్తుంది, లేచొచ్చి బూటుకాలితో తన్నేవాడు. అలా తన్నులు తిని చచ్చిపోయిన పంకా కూలీలు ఉన్నారు. కేసు కోర్టుకి వెళితే, మలేరియాతో వాడి ప్లీహం ముందే ఉబ్బి ఉంది, అందుకే పగిలింది అని చెప్పి తన్నినవాడిని జుల్మానాతో వదిలేసిన తీర్పులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక మనిషి చల్లగా నిద్రపోవడానికి ఇంకో మనిషి నిద్ర ఖర్చయింది, ఒక్కోసారి ప్రాణమే ఖర్చయింది.

ఇక ఐసు కథ. ఫానీ పార్క్స్ అనే ఇంగ్లీషు ఇల్లాలు 1822లో మన దేశానికి వచ్చింది. అలహాబాదులో కాపురం ఉన్నప్పుడు అక్కడ ఐసు ఎలా తయారుచేస్తారో రాసింది. చలికాలం రాత్రి, ఆకాశంలో మబ్బు లేకుండా ఉన్నప్పుడు, నేలమీద గడ్డి పరిచి, దానిమీద వెడల్పాటి మట్టిమూకుళ్ళు వేలకొద్దీ పేర్చి, అడుగున కొద్దిగా నీళ్ళు పోస్తారు. నిర్మలమైన రాత్రుల్లో నీళ్ళలోని వేడి ఆకాశానికి పోయి, తెల్లారేసరికి పలుచని ఐసు పొర కడుతుంది. అప్పుడు ఆడా మగా పిల్లా కూలీలందరూ చీకటితోనే వచ్చి ఆ గడ్డకట్టే చలిలో మూకుళ్ళలోంచి ఐసు గీకి గోతుల్లో నింపి దాచాలి. ఆ ఐసు వేసవిలో దొరల బల్లలమీదికి వస్తుంది. మీకూ నాకూ ఇష్టమైన చలికాలం ఆ కూలీల వేళ్ళకి ఎలా ఉండేదో మరి.

మన మద్రాసులో అంత పొడిగాలీ లేదు, అంత చలీ లేదు. అందుకని అక్కడికి ఐసు అమెరికా నుంచి వచ్చింది. మీరు చదివింది నిజమే, అమెరికా నుంచే. బోస్టన్‌లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోయించి, దిమ్మల్ని రంపపుపొట్టులో కప్పి ఓడలకెక్కించేవాడు. 1833లో అతని ఓడ ఒకటి 180 టన్నుల ఐసుతో బయల్దేరి, నాలుగు నెలల ప్రయాణం చేసి, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, కలకత్తా చేరేసరికి ఇంకా 100 టన్నుల దాకా మిగిలే ఉంది. జనం ముట్టుకుని చేయి కాలిందనుకున్నారని కథలు చెప్పుకుంటారు. ఆ తర్వాత 1840ల మొదట్లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐసు దాచడానికి గుండ్రటి భవనం కట్టారు. మద్రాసుకి అప్పుడు రేవు లేదు. ఓడలు దూరంగా ఆగితే సరుకంతా మసూలా పడవల్లో అలలమీదుగా ఒడ్డుకి చేర్చేవారు. ఎండలో కరిగిపోతున్న ఐసుదిమ్మల్ని మోసిన కూలీల భుజాలకి మాత్రం ఆ కాసేపు చల్లగా ఉండి ఉంటుంది.

1870ల్లో మన దేశంలోనే ఆవిరియంత్రాలతో ఐసు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఓడల్లో ఐసు రావడం ఆగిపోయింది. మద్రాసు ఐస్ హౌస్ చేతులు మారింది. 1897లో వివేకానందుడు కొన్నాళ్ళు అందులోనే బస చేశాడు, అందుకే ఇవాళ దానికి ఆయన పేరుంది. కానీ ఆ భవనానికి మధ్యలో ఇంకో కథ ఉంది, అది నాకు అన్నిటికంటే ఇష్టం. సిస్టర్ సుబ్బలక్ష్మి అని ఒకావిడ ఉండేది. చిన్నపిల్లగా ఉండగానే పెళ్ళి, కొద్దికాలానికే వైధవ్యం. తండ్రి చదివించాడు. 1911లో పట్టభద్రురాలైంది. తనలాంటి పిల్లలకి చదువు చెప్పించాలని ఒక ఆశ్రమం పెట్టింది. ఆ బాలవితంతువులతో ఉండడానికి ఊళ్ళో ఇల్లు దొరకడమే కష్టమయ్యేది, ఎదురొస్తే అపశకునం అనుకునే రోజులవి. చివరికి వాళ్ళకి చోటిచ్చింది ఆ పాత ఐస్ హౌసే. ఒకప్పుడు దొరల గ్లాసుల కోసం కట్టిన ఇంట్లో, అత్తింట్లో పుట్టింట్లో ఎక్కడా నీడ లేని పిల్లలు పలకా బలపం పట్టుకుని కూర్చున్నారు. సముద్రపు గాలి ఎదురుగా. "చల్లగా ఉండు" అన్న దీవెన ఎవరూ ఇవ్వని పిల్లలకి ఆ ఇల్లు ఇచ్చింది.

ఐసు తెప్పించుకోవడమే కాదు, దొరలు తామే చల్లని చోటికి లేచి వెళ్ళిపోయారు. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ నీలగిరులెక్కాడు. తోడాలు బర్రెల్ని మేపుకునే కొండమీద ఊటీ వెలిసింది. మద్రాసు ప్రభుత్వమంతా వేసవికి అక్కడికే. 1864 నుంచి దేశం మొత్తాన్ని ఏలే ప్రభుత్వం సగం ఏడాదికి పైగా సిమ్లాలో కూర్చునేది. ఫైళ్ళు, బీరువాలు, పియానోలు, మేమ్‌సాబుల పెట్టెలు, అన్నీ కొండెక్కాలి. వాటిని మోయడానికి చుట్టుపక్కల పల్లెల మనుషుల్ని వెట్టికి పట్టుకొచ్చేవారు. దీని మీద 1920-21లో సిమ్లా కొండల్లో పెద్ద పోరాటమే జరిగింది, దానికి ముందు నిలబడిన శామ్యూల్ స్టోక్స్ పుట్టుకతో అమెరికావాడు కావడం విశేషం.

మనకీ ఒక చిన్న ఊటీ ఉంది కదా, మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్. నాలుగు వేల అడుగుల పైన ఉండే ఆ కొండమీద, కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవి బంగళా కట్టుకున్నాడు. అంతకుముందు ఆ కొండ పేరేమిటో తెలుసా? ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లని ఏనుగులు సాకాయని, ఆమె కొండమీది చెంచుల జబ్బులు నయం చేసేదని, ఒకరోజు కనిపించకుండా పోతే దేవతగా కొలుచుకున్నారని అక్కడివాళ్ళు చెప్తారు. ఆమెకి గుడి ఇంకా ఉంది. కొండ మాత్రం, ఎండ తట్టుకోలేక పైకెక్కిన కలెక్టరుగారి పేరుతో మిగిలింది. మనం కూడా పిల్లల్ని తీసుకుని సెలవులకి వెళ్ళినప్పుడు మల్లమ్మ పేరు ఒక్కసారి చెప్తే బావుంటుంది.

ఇక ఇప్పటి మన ఏసీ. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. మనుషులు చెమట్లు కక్కుతున్నారని కాదండీ, తేమకి కాగితం సాగి రంగులు సరిగా పడటం లేదని! కాగితానికి దక్కిన సుఖం తర్వాతెప్పుడో మనిషికి వచ్చింది. మన ఇళ్ళకి రావడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది. వచ్చాక కూడా ఎక్కడ పెట్టుకున్నాం? ముందు పడగ్గదిలో, తర్వాత పిల్లల గదిలో, ఇంకా డబ్బులుంటే హాల్లో. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని తీసి బయట పోస్తుంది. అపార్టుమెంట్లలో ఆ బయటిపెట్టె చాలాసార్లు పక్కవాళ్ళ కిటికీకో, మన వంటింటి వెనక బాల్కనీకో ఎదురుగా ఉంటుంది. గిన్నెలు తోమే చోట నిలబడి చూడండి, వడగాడ్పు తగిలినట్టు ఉంటుంది. పంకాతాడు గోడకన్నంలోంచి వరండాలోకి వెళ్ళినట్టు, ఈ రాగి గొట్టం కూడా గోడకన్నంలోంచే బయటికి వెళ్తుంది.

వంటింటి గురించి ఆలోచించినవాళ్ళు అసలు లేరా అంటే ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగలేని పొయ్యి ఒకటి తయారుచేసి, కోట్లాది వంటిళ్ళని తలుచుకుంటూ 1953లో దాని గురించి ఇంగ్లీషులో చిన్న పుస్తకం రాశారు. మట్టితో ఎవరికివారు కట్టుకోవచ్చు, పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది, ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు పెట్టుకోవచ్చు. ఆనకట్టలూ వంతెనలూ కట్టే చదువు చదివినాయన పొయ్యి ముందు కూర్చుని ఆలోచించారు. రాయలవారి కొబ్బరిచిప్పల పద్యం తర్వాత నాకు దొరికిన రెండో మగదిక్కు ఈయనే. 1999లో దీపం పథకంతో మన పల్లెల్లో డ్వాక్రా ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. పొగ పోయింది, కట్టెల మోత తగ్గింది. సెగ మాత్రం అలాగే ఉంది. గ్యాసు మంట ఆరిపోతుందని ఫ్యాను వేసుకోలేం. మే నెల మధ్యాహ్నం దోసెల పెనం ముందు పదిహేను నిమిషాలు నిలబడ్డ మనిషి, పక్కగదిలో ఏసీ కింద కూర్చుని "ఇంకోటి వెయ్యి, కొంచెం కరకరలాడేలా" అన్న మనిషి, ఒకే ఇంట్లో ఉన్నా ఒకే ఊళ్ళో ఉన్నట్టు కాదు.

ఇదంతా ఏదో విసుగుతో అంటున్న మాట కాదు. వేడి నిజంగానే ప్రాణాలు తీస్తుంది. 2003 వేసవిలో మన ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి మళ్ళీ వెయ్యి దాటింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఎండలో కూలికి వెళ్ళినవాళ్ళు. 2010 మే నెలలో అహ్మదాబాదులో వచ్చిన వడగాడ్పులకి, మామూలు మే నెలలో కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత లెక్కతేలింది. అక్కడ ఒక ఆసుపత్రిలో బాలింతల వార్డు పైఅంతస్తులో, ఎండకి కాగిన కప్పు కిందే ఉండేది. పుట్టిన పసికందులకి వేడికి జ్వరాలు వచ్చాయి. ఆ వార్డుని కింది అంతస్తుకి దించాక ఆ బాధ తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మంచాలు కిందికి దించారు, అంతే. 2013లో ఆ ఊరు వడగాడ్పులకి ముందే సిద్ధమయ్యే ప్రణాళిక ఒకటి తయారుచేసుకుంది. ముందుగా హెచ్చరికలు, మంచినీళ్ళు, పనివేళల మార్పు లాంటివి. దాన్ని చూసి మిగతా ఊళ్ళూ నేర్చుకున్నాయి. చలివేంద్రం పెట్టడం తెలిసిన మనకి ఇందులో కొత్తేమీ లేదు, మళ్ళీ గుర్తుచేసుకోవడమే.

చలిని ఇష్టపడే నేను చలి వైపు సంగతి కూడా చెప్పాలి. చింతపల్లి దగ్గర లంబసింగిలో కొన్ని శీతాకాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దాకా పడిపోతుంది. ఆ మంచు చూడ్డానికి మనం స్వెట్టర్లు కొనుక్కుని, కార్లలో హీటరు వేసుకుని వెళ్తాం. ఆ ఊరి అసలు పేరు కొర్రబయలు అంటారు. బయట పడుకుంటే కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. తరతరాలుగా అక్కడ ఉన్నవాళ్ళు పేరులోనే హెచ్చరిక పెట్టుకున్నారు. మనం అందంగా ఉందని ఫోటోలు తీసుకుంటాం. దుప్పటి ఉన్నవాళ్ళకే చలికాలం అందం. పొద్దున్నే నాలుగింటికి చన్నీళ్ళతో వాకిలి కడిగే ఆవిడని చలికాలం ఇష్టమా అని అడిగితే ఏం చెప్తుందో నాకు తెలుసు.

ఇన్ని చదివాక నాకు అర్థమైంది ఒకటే. ఎండా వానా చలీ మన చేతిలో లేవు గానీ, ఇంట్లో ఆ ఎండని ఎవరు మొయ్యాలో మాత్రం మన చేతిలోనే ఉంది. బాబరు నుంచి మనదాకా, డబ్బు ఉన్నవాళ్ళు కొనుక్కున్న చల్లదనం వెనకాల ఎవరో ఒకరు వరండాలో కూర్చుని ఉన్నారు. మన ఇళ్ళల్లో ఆ వరండా వంటిల్లే.

అందుకని ఈ వేసవికి మా ఇంట్లో నేను కొన్ని మార్పులు చేశాను, మీకూ పనికొస్తాయేమో చూడండి. మధ్యాహ్నం వంట పొద్దున ఎనిమిదిలోపే అయిపోతుంది, పన్నెండింటికి తినేది గోరువెచ్చగానే ఉంటుంది. ఎవరైనా మొహం చిట్లిస్తే, వేసవిలో నులివెచ్చని అన్నమే పెట్టాలని సాక్షాత్తు రాయలవారే రాశారని చెప్తున్నాను. ఈ ఏడు రెండో ఏసీకని దాచిన డబ్బులోంచి ముందు వంటింటికి గట్టి ఎగ్జాస్టు ఫ్యాను, పెద్ద కిటికీ, ఇండక్షన్ పొయ్యి వచ్చాయి. ఇండక్షన్ పొయ్యికి మంట ఉండదు కాబట్టి ఇప్పుడు వంటింట్లో ఫ్యాను తిరుగుతుంది, పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి. రాత్రిపూట దోసెలు ఎవరికి కావాలంటే వాళ్ళు వేసుకుంటున్నారు, మగపిల్లాడితో సహా. పనిచేసే ఆవిడ రాగానే ముందు గ్లాసుడు మజ్జిగ తాగి, ఫ్యాను కింద కాసేపు కూర్చున్నాకే చీపురు పట్టుకోవాలి. గేటు దగ్గర మూతపెట్టిన కుండ, గ్లాసు ఉంటాయి. కొరియరు అబ్బాయిలు, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు, చెత్తబండి వాళ్ళు అందరూ తాగుతారు. రోజుకి రెండుసార్లు నింపాలి, అది మావారి వంతు.

కార్తీకమాసం ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూస్తూనే ఉంటాను, ఆ ఇష్టం పోయేది కాదు. ఈలోగా మే నెల ఉంది, జూన్ సగం ఉంది. మీ ఇంట్లో ఈ వేసవిలో అన్నిటికంటే వేడిగా ఉండే చోటేది, అక్కడ ఎవరు ఎక్కువసేపు నిలబడుతున్నారు? ఒకసారి చూసుకోండి. ఆ మనిషి మీరే అయితే, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు మెల్లగా ఈ పంకాతాడు కథ చెప్పండి. అందరూ చల్లగా ఉండాలి, ఆ అందరిలో మనమూ ఉండాలి.